కారు స్టార్ట్ కావట్లేదా? ముందు చప్పుడు వినండి

చలి ముదిరేసరికి ఈ శీర్షికకు స్టార్టింగ్ బాధల ఉత్తరాలే ఎక్కువగా వస్తాయి. వాటిలో చాలామంది కారు మోడల్, కొన్న సంవత్సరం, చేయించిన రిపేర్లు అన్నీ రాస్తారు కానీ తాళం తిప్పగానే ఏం వినిపించిందో మాత్రం రాయరు. మాకు మొదట కావలసింది అదే. సెల్ఫ్ తిరగకపోవడం వేరు, సెల్ఫ్ బాగానే తిరిగినా ఇంజన్ అందుకోకపోవడం వేరు. మొదటిదైతే బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటార్ చూడాలి. రెండోదైతే బ్యాటరీ జోలికి వెళ్ళనక్కర్లేదు. పెట్రోల్ వస్తోందా, నిప్పురవ్వ పడుతోందా అని చూడాలి. ఈ తేడా చూడకుండానే కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టేస్తున్నారు.

ప్రశ్న: మాది నాలుగేళ్ళ ఆల్టో, పెట్రోల్. వారం రోజులుగా పొద్దున తాళం తిప్పితే టకటకటక అని కొట్టుకుంటోంది, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారుతున్నాయి. మధ్యాహ్నం మాత్రం ఒక్కసారికే స్టార్ట్ అవుతుంది. మెకానిక్ కొత్త బ్యాటరీ వేయమంటున్నాడు. వేయించాలా? – ఓ పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వేయించాల్సి రావచ్చు. కానీ పది నిమిషాల పరీక్ష చేయకుండా వేయించకండి.

ముందు ఆ టకటక ఎందుకొస్తుందో చూద్దాం. సెల్ఫ్ మోటార్ మీద ఉండే సొలినాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్చిని లాగడానికి తక్కువ కరెంటు చాలు. అది అతుక్కోగానే అసలు మోటార్ నూరు ఆంపియర్ల పైచిలుకు లాగబోతుంది. దాంతో వోల్టేజీ ఢామ్మని పడిపోతుంది, సొలినాయిడ్ వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ లేస్తుంది, మళ్ళీ అతుక్కుంటుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే జరుగుతుంది. అంటే అంత కరెంటు మోటార్ దాకా చేరడం లేదన్నమాట. బ్యాటరీలో దమ్ము లేకపోయినా, బ్యాటరీ బాగుండి దారిలో పట్టు లేకపోయినా చప్పుడు అచ్చంగా ఇలాగే ఉంటుంది. అందుకే చెవితో ఆగకుండా మీటర్ పెట్టాలి.

ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న కారుకు పొద్దున్నే, తాళం పెట్టకముందే, డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ రెండు పోల్స్ మధ్య చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలినట్టు. తర్వాత ఇంట్లో ఎవరినైనా తాళం తిప్పమని, ఆ క్షణంలో అంకె చూడండి. 9.6 కంటే కిందికి పోకూడదు. 12.5 దగ్గర ఉన్న బ్యాటరీ తాళం తిప్పగానే 7కో 8కో పడిందంటే, పైకి ఛార్జి కనిపిస్తున్నా లోపల పని అయిపోయిందనే అర్థం. అప్పుడు మీ మెకానిక్ మాట నిజమే.

తాళం తిప్పినప్పుడు బ్యాటరీ దగ్గర 11కు పైన నిలబడి, అయినా సెల్ఫ్ తిరగకపోతే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకుని దారి వెతకండి. మీటర్ ఎర్ర పిన్ను ప్లస్ సీసపు పోల్ నడినెత్తిన, నల్ల పిన్ను ఆ పోల్‌కు బిగించిన క్లాంప్ మీద పెట్టి తాళం తిప్పించండి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి కాబట్టి దాదాపు సున్నా చూపాలి. అర వోల్టో, ఒక వోల్టో చూపితే ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని మడ్డి ఉన్నట్టే. మైనస్ వైపూ ఇలాగే చూడండి. ఆ తర్వాత మైనస్ పోల్‌కూ ఇంజన్ లోహానికీ మధ్య చూడండి. 0.2 వోల్టు దాటితే బాడీకో, గేర్‌బాక్స్‌కో బిగించిన ఎర్త్ వైరు చివర తుప్పు పట్టింది. ఓమ్‌లో యాభయ్యో వంతు నిరోధం చాలు, 100 ఆంపియర్లు పారేటప్పుడు 2 వోల్టులు అక్కడే పోతాయి. హెడ్‌లైట్లు లాగేది పది ఆంపియర్ల లోపే కనుక వాటికి పోయేది 0.2 వోల్టు మాత్రమే. "లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, బ్యాటరీ, వైర్లు బాగున్నట్టే కదా" అనే లెక్క అందుకే తప్పుతుంది.

శుభ్రం చేయాలంటే చాలా కార్లకు 10 నంబరు స్పానర్ సరిపోతుంది. మైనస్ క్లాంప్ ముందు విప్పాలి. ప్లస్ ముందు విప్పబోతే, స్పానర్ పొరపాటున బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. గోరువెచ్చని గ్లాసుడు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి, తెల్లగా పచ్చగా పేరుకున్న పొడి మీద పోస్తే బుసబుసా పొంగి కరిగిపోతుంది. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి దిగకుండా చూసుకోండి. పోల్‌నూ క్లాంప్ లోపలి అంచునూ సీసం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, తుడిచి ఆరబెట్టండి. ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి, పైన పలుచగా వేజలిన్ పూయండి. బిగించకముందు పూస్తే లాభం లేదు. చేత్తో తిప్పితే క్లాంప్ ఇసుమంత కూడా కదలకూడదు.

మధ్యాహ్నం స్టార్ట్ కావడంలో వింత లేదు. పొద్దున మీ ఊళ్ళో చలి 10 డిగ్రీల లోపుకు దిగితే బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. ఇచ్చేవాడి చేయి బిగుసుకునే వేళకే అడిగేవాడి అవసరం పెరుగుతుంది. బ్యాటరీని పాడుచేసేది మాత్రం చలి కాదు, అంతకుముందు గడిచిన వేసవి. 45 డిగ్రీల ఎండకు బానెట్ కింద లోపలి సీసపు పలకల జాలీ తుప్పు పడుతుంది, నీరు ఆవిరవుతుంది. మే నెలలో జరిగిన నష్టం డిసెంబరులో బయటపడుతుంది. మన వేడికి మూడు నుంచి నాలుగేళ్ళు పనిచేస్తే బ్యాటరీ తన వంతు చేసినట్టే.

మూతలున్న బ్యాటరీ అయితే పలకల మీద సెంటీమీటరు పైన ద్రవం ఉందా చూసి, తక్కువైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్‌ఓ నీళ్ళు వద్దు, యాసిడ్ అసలే వద్దు. మూతల్లేని వాటి మీద ఉండే పచ్చ కన్ను ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెబుతుంది, దాన్ని నమ్ముకోకండి. కొత్తది కొనాల్సి వస్తే పాతదాని మీది కోడ్ మొత్తం చూసి కొనండి. 38బీ20ఎల్ అని ఉంటే చివరి అక్షరంతో సహా అదే తీసుకోవాలి. ఎల్ బదులు ఆర్ తెస్తే పోల్స్ తారుమారై వైర్లు అందవు. బిగించాక ఇంజన్ నడుస్తుండగా మరోసారి మీటర్ పెట్టి 13.8 నుంచి 14.5 మధ్య ఉందో లేదో చూడండి. 13 లోపే ఉంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ దాన్ని నింపడం లేదు, కొత్త బ్యాటరీ కూడా కొద్ది రోజుల్లో ఇదే స్థితికి వస్తుంది.

ప్రశ్న: తాళం తిప్పితే ఒక్కసారి "ఠక్" అని, అంతే. లైట్లు తగ్గవు, హారన్ గట్టిగానే మోగుతుంది. నాలుగైదు సార్లు తిప్పితే ఒకసారి స్టార్ట్ అవుతుంది. – పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: లైట్లు తగ్గలేదంటే మోటార్ కరెంటు లాగడమే లేదన్నమాట. సొలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండాలి, లేదా మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి ఉండాలి. ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే మరొకరు సెల్ఫ్ మోటార్ ఒంటి మీద చెక్కపిడితో నెమ్మదిగా తట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి, చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. తట్టగానే తిరిగితే కార్బన్ల పనే. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయం మాత్రమే, మర్నాడే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. సెల్ఫ్ మొత్తం మార్చాలంటే వెంటనే ఒప్పుకోకండి. విప్పించి కార్బన్లు, బుష్‌లు, కాంటాక్టులు చూపించమనండి. మోటార్ లోపల తిరిగే ఆర్మేచర్ కాలకపోతే వాటిని మారిస్తే సరిపోతుంది.

ఒకవేళ "ఠక్" బదులు మోటార్ ఒంటరిగా జుయ్యిమని తిరిగి, ఇంజన్ కదలకపోతే అది సెల్ఫ్ మోటార్ కొసన ఉండే చిన్న గేరు (బెండిక్స్) పళ్ళు ఇంజన్‌కు ఉండే పెద్ద పళ్ళ చక్రాన్ని (ఫ్లైవీల్‌ను) పట్టుకోకపోవడం. అలాంటప్పుడు పదే పదే ప్రయత్నిస్తే ఫ్లైవీల్ పళ్ళు కూడా రాలిపోతాయి, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ప్రశ్న: కారు కడగడానికి షెడ్డులోంచి నాలుగడుగులు బయటికి తీసి ఆపేశాను. గంట తర్వాత సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోలేదు. పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. – పాఠకుడు, మదనపల్లె

జవాబు: ప్లగ్గులు పెట్రోల్‌తో తడిశాయి. చల్లటి ఇంజన్‌కు కంప్యూటర్ కావాలనే ఎక్కువ పెట్రోల్ చిమ్ముతుంది. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తే ఆ పెట్రోల్ సిలిండర్లలోనే ఉండిపోతుంది. మళ్ళీ తాళం తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త చేరుతుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా, నేలకు ఆనేదాకా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. ఇంజెక్షన్ కార్లలో చాలావరకు, అలా పూర్తిగా తొక్కి ఉంచితే స్టార్టింగ్ సమయంలో పెట్రోల్ చిమ్మడం ఆపేసే ఏర్పాటు ఉంటుంది. గాలి మాత్రమే లోపలికి వెళ్ళి తడిని ఊదేస్తుంది. సగం తొక్కితే ఆ ఏర్పాటు పనిచేయదు. ఏడెనిమిది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో నిమిషం విరామం ఇవ్వండి. ఇంజన్ తడబడుతూ అందుకోగానే కాలు మెల్లగా వెనక్కి తీయండి. మూడు నాలుగు సార్లకూ కాకపోతే ప్లగ్గులు విప్పి ఆరబెట్టించాలి. ఇకమీదట కారును కాస్త జరపాల్సి వచ్చినా, టెంపరేచర్ ముల్లు కదిలేదాకో, నీలం లైటు ఆరేదాకో ఇంజన్ నడవనిచ్చి ఆపండి.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి డాలస్ వెళ్ళి మూడు నెలలకు తిరిగొచ్చాం. కారు రిమోట్‌కు కూడా పలకడం లేదు. వెళ్ళేముందు బ్యాటరీ బాగానే ఉంది. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయమని వాచ్‌మన్‌కు చెప్పి వెళ్ళాం కూడా. – ఓ విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ బ్యాటరీ లోపమేమీ లేదండి, లెక్క చూడండి. కారు తాళం వేసి ఉన్నా రిమోట్ రిసీవర్, అలారం, గడియారం, కంప్యూటర్ జ్ఞాపకం కలిసి 20 మిల్లీ ఆంపియర్ల వరకు లాగడం మామూలే. రోజుకు 0.48 ఆంపియర్ అవర్, 90 రోజులకు 43. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లే. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ ఉంటే ఇంకా ముందే ఖాళీ. ఐదు నిమిషాలు ఊరికే నడిపితే స్టార్టింగ్‌కు ఖర్చయినదానికి మించి పెద్దగా చేరదు. నింపాలంటే రోడ్డు మీద అరగంటకు పైగా నడవాలి.

ఇప్పుడు చేయాల్సింది: కీలో దాగిన ఇనుప తాళంతో డ్రైవరు తలుపు తెరవండి. బ్యాటరీని విప్పి షాపులో నెమ్మదిగా ఛార్జి పెట్టించండి. 35 ఆంపియర్ అవర్ల దానికి మూడున్నర ఆంపియర్ల చొప్పున 10 నుంచి 12 గంటలు పట్టాలి. గంటలో ఇచ్చేస్తామంటే వద్దనండి. బాగా ఖాళీ అయి వారాలు పడి ఉన్న పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, దాన్ని తొందరపెడితే వేడెక్కి పాడవుతుంది. ఛార్జి తర్వాత ఒక రోజు ఊరికే ఉంచి కొలవండి. 12.4 కూడా నిలవకపోతే మార్చక తప్పదు.

అంత వ్యవధి లేక పక్కింటి కారు బ్యాటరీతో కేబుళ్ళు కలిపి స్టార్ట్ (జంప్) చేయాల్సి వస్తే వరుస తప్పవద్దు. ఎర్ర కేబుల్ ముందు మీ ప్లస్‌కు, తర్వాత వారి ప్లస్‌కు. నల్లది వారి మైనస్‌కు, రెండో కొస మీ బ్యాటరీకి కాకుండా మీ ఇంజన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి కొస పెట్టేటప్పుడు నిప్పురవ్వ రావడం ఖాయం, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండవచ్చు, అందుకే ఈ దూరం. వారి ఇంజన్ ఐదు నిమిషాలు నడిచాక మీరు ప్రయత్నించండి. అందుకున్నాక సరిగ్గా తిరుగు వరుసలో తీయండి. పెట్రోల్ బంకు పక్కన అమ్మే సన్నటి కేబుళ్ళు పేరుకే. లోపల రాగి కనీసం 16 చదరపు మిల్లీమీటర్లు లేకపోతే కేబుల్ వేడెక్కుతుంది తప్ప సెల్ఫ్ తిరగదు.

మళ్ళీ ఊరెళ్ళేటప్పుడు మైనస్ విప్పేసి వెళ్ళండి, అంతకంటే చవకైన మందు లేదు. వచ్చాక గడియారం, అద్దాల ఆటో బటన్లు మళ్ళీ సెట్ చేసుకోవాలి, అంతే. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచేస్తే బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. చదునైన చోట గేరులో ఉంచి, టైర్ల కింద రాళ్ళు పెట్టండి. బానెట్ తీసి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడకుండా మాత్రం తాళం తిప్పకండి. సెల్లారు పార్కింగుల్లో మూడు నెలలు కదలని కారు వాటికి ఇల్లే. ఇంజెక్టర్ల దగ్గరి సన్నటి వైర్లు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె లోపలి భాగం ముఖ్యంగా చూడండి.

ప్రశ్న: వానలకు సెల్లారులోకి నీళ్ళొచ్చి కారు సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తీసేశారు, రెండు రోజులైంది, పైకి ఆరింది. ఒకసారి స్టార్ట్ చేసి చూడవచ్చా? – పాఠకుడు, విజయవాడ

జవాబు: చేయవద్దు. ఇగ్నిషన్ కూడా ఆన్ చేయవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు మీ నగరం చూసిందే కనుక కాస్త వివరంగా చెబుతాం.

గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్ళు కుదించుకోవు. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ అడుగున ఉన్నప్పటి చోటుకూ పైకి చేరినప్పటి చోటుకూ ఉన్న నిష్పత్తి) 10 అయితే పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు మిగిలే చోటు 33 సీసీ. అంటే రెండు టేబుల్ స్పూన్లకు కాస్త మించిన నీళ్ళు. అంతకంటే ఎక్కువ లోపల ఉండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి పోలేక ఇంజన్ బిగిసిపోతుంది. ఇంజన్ ఊపులో ఉండగా ఇదే జరిగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ ఇంజన్లలో ఆ చోటు ఇంకా తక్కువ, 20 సీసీ ప్రాంతం.

మైనస్ విప్పండి. నీటి గీత కనిపించేలా బయటా లోపలా ఫొటోలు తీసి బీమా కంపెనీకి ఆ రోజే తెలియజేయండి. మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజన్ చెడితే అది వరద నష్టం కాదు, మీరు చేసిన దాని పర్యవసానం అని మామూలు పాలసీలో క్లెయిమ్ తోసిపుచ్చే అవకాశం ఉంది. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకున్న కవర్ ఉందేమో పాలసీలో చూడండి. ఆయిల్ డిప్‌స్టిక్ లాగి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా, మట్టం మామూలు కంటే పైకి పోయినా లోపల నీళ్ళు చేరాయి. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే సిలిండర్ల దాకా వెళ్ళిందని అనుమానించాలి.

బండిని నాలుగు చక్రాలూ పైకెక్కే ట్రక్కు మీదే తీసుకెళ్ళాలి. షెడ్డులో ముందు ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి నీళ్ళు బయటికి పోనివ్వాలి. తర్వాతే సెల్ఫ్. ఇంజన్ ఆయిల్ మార్చి కాసేపు నడిపి మళ్ళీ మార్చాలి, గేర్ ఆయిల్ కూడా. సీట్ల కింద, కార్పెట్ అడుగున ఉండే వైర్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి ఆరబెట్టించండి. ఇంజన్ బాగుపడ్డాక రెండు నెలలకు వచ్చే తలనొప్పులన్నీ ఆ పచ్చగా తుప్పెక్కిన పిన్నుల నుంచే. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ కూడా చాలా కార్లలో ముందు సీట్ల మధ్య కిందనే ఉంటుంది.

ప్రశ్న: డీజిల్ కారు. ట్యాంకు ఖాళీ అయి దారిలో ఆగింది. ఐదు లీటర్లు తెచ్చి పోశాం, సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోలేదు. – పాఠకుడు, సూర్యాపేట

జవాబు: లైనులో ఎయిర్ పట్టింది. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజన్లలో, ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే ఉమ్మడి పైపులో తగినంత ఒత్తిడి ఏర్పడేదాకా కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. గాలి ఉంటే ఆ ఒత్తిడి రాదు.

డీజిల్ ఫిల్టర్ మీదో, దాని దగ్గరి పైపులోనో నల్లటి రబ్బరు బల్బు లాంటి హ్యాండ్ పంప్ ఉందేమో చూడండి. ఉంటే అది రాయిలా గట్టిపడేదాకా నొక్కండి. ముప్పై నలభై సార్లు పట్టవచ్చు. ఫిల్టర్ మీద గాలి వదిలే స్క్రూ ఉంటే కాస్త వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చాక బిగించండి. హ్యాండ్ పంప్ లేని కార్లలో ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉండవచ్చు. అలాంటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి, పది సెకన్లు ఆగి, ఆఫ్ చేయడం ఐదారు సార్లు చేయండి. ఆ తర్వాతే సెల్ఫ్.

పాత జీపుల్లో చేసినట్టు ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేయనివ్వకండి. కామన్ రైల్‌లో ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. ఆ సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతే చేతికే ప్రమాదం. ఎడతెరపి లేకుండా సెల్ఫ్ కొట్టడమూ తప్పే. హై ప్రెజర్ పంపుకు డీజిలే ఆయిల్, పొడిగా తిప్పితే లోపల గీసుకుపోతుంది. ఆ లోహపు పొడి ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది.

ప్రశ్న: బటన్ స్టార్ట్ కారు. "కీ కనబడలేదు" అని మెసేజ్ వస్తోంది. కీ చేతిలోనే ఉంది. – పాఠకురాలు, తిరుపతి

జవాబు: కీలోని బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, ఎక్కువ కీలలో సీఆర్2032 ఉంటుంది. అది లేకపోయినా కీ లోపల కారు గుర్తించే చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీతో పనిలేదు. బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి దాంతోనే నొక్కండి. కొన్ని కార్లలో కీ పెట్టే చోటు కప్‌హోల్డర్ దగ్గర ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి.

మెసేజ్ పోయినా సెల్ఫ్ పలకకపోతే వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమనండి. వెలగకపోతే పెడల్ దగ్గరి స్విచ్చి లేదా ఫ్యూజు పోయింది, బ్రేకు తొక్కారని కారుకు తెలియడం లేదు. ఆటోమేటిక్ అయితే పీ నుంచి ఎన్‌కు మార్చి ప్రయత్నించండి.

ప్రశ్న: గంటసేపు ట్రాఫిక్‌లో నడిచాక ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. సెల్ఫ్ బాగా తిరుగుతుంది, అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. ప్లగ్గులు, ఫిల్టర్లు మార్చారు, ఫలితం లేదు. – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేడికి చచ్చి చల్లబడితే లేచేవి ముఖ్యంగా రెండు: ఇంజన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్, పెట్రోల్ పంపు. షెడ్డుకు చేరేసరికి బండి చల్లబడుతుంది, మెకానిక్‌కు ఏ లోపమూ కనబడదు. కాబట్టి ఆగిన చోటే మీరు చూడాలి.

ఆగిన వెంటనే ఇగ్నిషన్ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు కింద చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు సన్నగా మూలిగి ఆగాలి. మూలగకపోతే తప్పు పంపుది, దానికి కరెంటు కలిపే స్విచ్చి లాంటి రిలేది లేదా ఫ్యూజుది. ఫ్యూజు పెట్టెలో హారన్ రిలే అదే నంబరుదైతే రెండూ అటూ ఇటూ మార్చి చూడవచ్చు. పంపు ట్యాంకులోని పెట్రోల్‌లో మునిగి చల్లబడుతుంది. ఎప్పుడూ రిజర్వులో నడిపే అలవాటుంటే త్వరగా పోతుంది.

పంపు మూలుగుతుంటే, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో కాస్త లేచి 200 ప్రాంతంలో ఆడుతుంది. సున్నా దగ్గరే పడుకుని ఉంటే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ రావడం లేదు. అది లేనిదే ప్లగ్గుకు నిప్పు, ఇంజెక్టర్‌కు పెట్రోల్ ఎప్పుడివ్వాలో కంప్యూటర్‌కు తెలియదు. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే, ఫోనుకు కలిపే చిన్న ఓబీడీ స్కానర్ ఉంటే ఇదే అంకెను నేరుగా చూడవచ్చు. పీ0335 కోడ్ పడి ఉంటే లోపం క్రాంక్ సెన్సార్‌దో, దాని వైర్లదో. సెన్సార్ మార్చేముందు దాని కొసకు అంటిన ఇనుప పొడి తుడిచి, కనెక్టర్ పిన్నులు, ఎగ్జాస్ట్ పక్కగా వెళ్ళే వైరు కాలిందేమో చూడమనండి. కొన్నిసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: సీఎన్‌జీ కారు. గ్యాస్ నిండుగా ఉంది కానీ పొద్దున స్టార్ట్ కావడం లేదు. – క్యాబ్ డ్రైవరు, హైదరాబాద్

జవాబు: పెట్రోల్ ఎంతుంది? చాలా సీఎన్‌జీ కార్లు స్టార్ట్ అయ్యేది పెట్రోల్ మీదే, ఆ తర్వాతే గ్యాస్‌కు మారతాయి. పెట్రోల్ ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంచితే పంపు పొడిగా తిరిగి కాలిపోతుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఉండే ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి అడుగున నిలిచిన కొద్దిపాటి పెట్రోల్‌తో స్టార్టింగ్ కష్టమవుతుంది. ముందు ఐదారు లీటర్ల కొత్త పెట్రోల్ పోసి, పంపు చప్పుడు వినండి. ఇకమీదట పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచి, వారానికోసారి నాలుగైదు కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి.

ప్రశ్న: ఇప్పటి కార్లను నెట్టి స్టార్ట్ చేయకూడదంటారు. నిజమేనా? – పాఠకుడు, కర్నూలు

జవాబు: గేర్లున్న పెట్రోల్ కారు, సెల్ఫ్ మాత్రమే పనిచేయక ఆగితే, నెట్టవచ్చు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది. రెండో గేరు వేసి క్లచ్ తొక్కి, పరుగు వేగం వచ్చాక క్లచ్ ఒక్కసారిగా వదిలి, ఇంజన్ అందుకోగానే మళ్ళీ తొక్కండి. మొదటి గేరు వేస్తే చక్రాలు బిగుసుకుని కుదుపు వస్తుంది. ఇంజన్ నడవనంతవరకు బ్రేకు, స్టీరింగ్ గట్టిగా ఉంటాయని కూర్చున్నవారికి ముందే చెప్పండి.

ఆటోమేటిక్‌లో ఇది కుదరదు. గేర్లు తనే మార్చుకునే ఏఎంటీ అయినా అంతే, క్లచ్ మీ కాలి కింద లేదు. డ్యాష్‌బోర్డు లైట్లు కూడా వెలగనంతగా బ్యాటరీ ఖాళీ అయితే నెట్టడం వృథా, పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు లేదు. సెల్ఫ్ తిరుగుతూ ఇంజన్ అందుకోని కారును నెట్టడమూ వృథాయే. సెల్ఫ్ చేస్తున్న పనినే మనుషులు చేస్తారు, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని కాల్చేస్తుంది.